పీత బొరియల చదువు

మా మామగారు జీవితమంతా పీత బొరియలు పూడ్చారు. మా అమ్మాయి ఆ బొరియల మీదే డాక్టరేటు తెచ్చుకుంటానంటోంది. ఈ ఇద్దరి మధ్యా నిలబడి వండి వడ్డించేదాన్ని నేను. నా పేరు ఉష.

మామగారు శివరామకృష్ణయ్య. మీసాలు సరిగ్గా మొలవని వయసులో తణుకు వైపు నుంచి వచ్చి, కెంచనగుడ్డ పక్కన తుంగభద్ర కాలువ కింద నేల కొని వరి వేసిన మనిషి. ఆయనా, ఆయనతో వచ్చిన నాలుగిళ్లవాళ్లూ కట్టుకున్న ఊరిని ఇప్పటికీ క్యాంపు అనే అంటారు. రేపో ఎల్లుండో డేరాలు పీక్కుని వెళ్లిపోతామనుకున్నారో ఏమో, మనవలు పుట్టి పెద్దవాళ్లయినా ఆ పేరు మాత్రం మారలేదు.

పొద్దున్నే చేతిలో బంకమట్టి ముద్ద పట్టుకుని గట్ల మీద తిరగడం ఆయన అలవాటు. గట్టుకి పీత బొరియ పడిందంటే మన మడిలో నీళ్లు పక్కవాడి మడిలోకి పోతాయి. అందుకని బొరియ కనబడితే చాలు, మట్టి కూరి, మడమతో తొక్కి, "ఇంక చావు" అని దీవించి మరీ ముందుకి కదులుతారు. పీతలంటే ఆయనకి అంత పగ.

బిందుశ్రీ హైదరాబాదులో భూగర్భశాస్త్రం చదువుతోంది. వేల ఏళ్ల కిందట తుంగభద్ర ఎక్కడెక్కడ పారిందో తేల్చడం దాని పరిశోధన. దేశంలో ఇంకెక్కడా నేల లేనట్టు మా పొలానికే వచ్చింది. పిల్ల నాలుగు రోజులు ఇంటి తిండి తింటుందని నేను సంబరపడ్డాను. వారం తిరగకుండా వరండా అంతా మట్టిగడ్డలతో నింపేసింది. మట్టి అంటే మామూలు మట్టి కాదు, సున్నం ఇంకి రాయిలా బిగిసినవి. వాటి మధ్య కూర్చుని నా పిండి జల్లెడలో ఇసుక జల్లిస్తోంది. పొద్దుటి నుంచి నేను వెతుకుతున్న అట్లకాడ దాని ఒళ్లో ఉంది.

"ఏందే ఇది? నా జల్లెడ ఎవర్ని అడిగి తీసుకుంటివి?"

"అడిగితే ఇస్తావా అమ్మా?"

ఇవ్వను. ఆ సంగతి దానికీ తెలుసు. మా ఇంట్లో అదొక జబ్బు. చెప్పేవాళ్లే అందరూ, అడిగేవాళ్లు ఒక్కరూ లేరు.

నా కోపం చల్లార్చడానికి అది ఒక గడ్డ నా చేతిలో పెట్టింది. "శిలాజమంటే ఎముకే కానక్కర్లేదమ్మా. జీవి పోయినా, అది తవ్వుకున్న ఇల్లో, నడిచిన దారో మట్టిలో మిగిలి గట్టిపడితే అదీ శిలాజమే. జాడ శిలాజం. ఈ సన్న సన్నవి చూడు, చీమలూ చెదలూ తిరిగినవి. అంటే అప్పుడు ఆడ ఆరిన నేల ఉండేది. ఈ లావుది ఎండ్రకాయ బొక్క. నోరు పైన, గది కింద. ఎండ్రకాయ నీళ్ల అంచున ఇల్లు కట్టుకుంటుంది కదా, అంటే ఇది నది గట్టు."

మామగారికి అది పీత. ఇక్కడ పుట్టిన నాకూ నా కూతురికీ అది ఎండ్రకాయ. పగ మాత్రం ఇంటిల్లిపాదికీ ఒకటే.

"ఇంక ఇది అన్నిటికన్నా ముఖ్యం," అంటూ మూడో గడ్డ తీసింది. మధ్యకి కోసి ఉంది. లోపల ఇసుక పొరలు వంపు తిరిగి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్నాయి. "ఇది ఆలిచిప్పది. ఇసుకలో తన పాటికి తాను కూర్చుని ఉంటుంది. వరదొచ్చి నెత్తిన ఇంత ఇసుక పోస్తుంది. ఊపిరాడక పైకి పాకుతుంది. అది పాకిన దారిలో పొరలన్నీ కిందికి కుంగుతాయి. మళ్లీ వరద, మళ్లీ ఇసుక, మళ్లీ పాకడం."

"గిన్నెలో గిన్నె పెట్టి సర్దినట్టుండాదే," అన్నాను.

"అదేనమ్మా! గిన్నెలో గిన్నె. ఇవి యాడ ఉంటే ఆడ నీళ్లు పారేవి. మడుగు కాదు, వానగుంట కాదు. నది నడుమ."

నెత్తిన పోసినప్పుడల్లా పైకి పాక్కుంటూ వచ్చిన ఆ ఆలిచిప్ప మీద నాకు ఎక్కడలేని అభిమానం పుట్టింది. కాపురానికి వచ్చిన కొత్తల్లో నేను చేసిన పనీ అదే. జల్లెడ సంగతి ఆ పూటకి వదిలేశాను.

గడ్డలన్నీ పొలం పడమటి మూలనున్న దిబ్బ దగ్గర ఏరినవి. దిబ్బ నిండా జాలి ముళ్లకంప. మనిషి దూరడానికి సందు లేదు. కంప కింద రాలి పడిన గడ్డలనే బిందు గీరుకుపోయిన చేతులతో ఏరి తెచ్చింది. ఆ దిబ్బ తను పుట్టకముందు నుంచీ అక్కడే ఉంది. నేను కాపురానికి వచ్చేసరికీ అక్కడే ఉంది. పాత నది గట్టు ముక్క ఒకటి అలా మిగిలిపోయిందని తేల్చేసింది మా అమ్మాయి.

ఇదిలా ఉండగా, ఈ ఏడు రెండో పంటకి కాలువలో నీళ్లు వదలరని కబురొచ్చింది. మా ఆయన వెంకటరత్నం మితభాషి. రెండు రోజులు గడ్డం గోక్కుని, మూడో రోజు అన్నం దగ్గర నోరు విప్పాడు.

"ఇంకొక్క బోరు ఏద్దాం నాన్నా. ఇదే ఆఖరు. నీళ్లు పడకపోతే పొలం కౌలుకిచ్చి నేను కూరెకుప్ప పోతా. ఆడ నాతో చదివిన మాధవకి టిప్పర్లు ఉండాయి. తోలుకోనీకి రమ్మంటాండాడు."

కూరెకుప్పలో గనుల లారీలు తోలేవాళ్లని నేను చూశాను. వారానికొకసారి ఇంటికొస్తారు, కనుబొమల దాకా ఎర్రదుమ్ము. మట్టిని చూస్తే మురిసిపోయే మనిషి ఆ దుమ్ములో ఎలా బతుకుతాడు? పైకి మాత్రం, "ముందు అన్నం తిను," అన్నాను.

అప్పటికే రెండు బోర్లు వేసి దుమ్ము చూసినవాళ్లం. ఆ రెండు పాయింట్లూ పెట్టింది కెంచనగుడ్డ లక్ష్మన్న. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా నడుస్తాడు. నీళ్లున్నచోట కాయ నిక్కి నిలబడుతుంది. మొదటి బోరు తప్పినప్పుడు కాయ ముదరలేదన్నాడు. రెండోది తప్పినప్పుడు చూడ్డానికొచ్చినవాళ్లలో ఎవరో చెప్పులు విప్పలేదన్నాడు. అయినా మూడోసారీ ఆయన్నే పిలిచారు. పిలవకపోతే ఎలా అన్నట్టు పిలిచారు, అంతే.

ఈసారి కాయ మేం ఎత్తుచెక్క అనే పొలం ముక్కలో నిలబడింది. పేరుకి ఎత్తుచెక్క గానీ అది పళ్లెంలా చదునుగా ఉంటుంది. ఒక పక్కన వంక పారుతుంది.

"ఈడే ఉండాదప్పా గంగమ్మ," అన్నాడు లక్ష్మన్న చెమట తుడుచుకుంటూ. "ఈసారి తప్పితే నా మీసం తీసేస్తా."

రెండోసారి కూడా మీసం పేరే ఎత్తాడు. మీసం అలాగే ఉంది.

ఆ సాయంత్రం బిందు తాతగారి ముందు గడ్డలు పేర్చింది. "ఎత్తుచెక్క కాదు తాతా. పడమటి మూల, దిబ్బ దగ్గర వేయించండి. పాత నది అక్కడ పారింది. ఇసుక ఉంటుంది, ఇసుకలో నీళ్లుంటాయి." చీమల దారులు, పీత ఇల్లు, గిన్నెలో గిన్నె, అన్నీ వరసగా చూపించింది.

ఆయన పట్టించుకోరనే అనుకున్నాను. ఆడపిల్ల చదువుని ఆయన వద్దనలేదు గానీ, అది ఎందుకు పనికొస్తుందో కూడా ఎప్పుడూ చూడలేదు. అలాంటిది ఆ లావుపాటి గడ్డ చేతిలోకి తీసుకుని, బొరియలో చిటికెన వేలు పెట్టి, లోపల తిప్పి చూశారు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఒరేయ్ రత్నం! ఇది పీత ఇల్లేరా! వంపు చూడు, గది చూడు!"

"వేల ఏళ్ల కిందటిది తాతా," అంది బిందు.

"అప్పుడు కూడా దీనికి ఇదే పనా!" అని పకపకా నవ్వారు. గడ్డని ఒళ్లోంచి దించలేదు. "మన బిందు చెప్పిన చోటే బోరు. ఇంక మాటల్లేవు."

బిందు నా వైపు చూసింది. దాని కళ్లల్లో అంత సంతోషం యూనివర్సిటీలో సీటు వచ్చిననాడు కూడా నేను చూడలేదు. ఇంట్లో దాని చదువుని ఒకరు లెక్కలోకి తీసుకోవడం అదే మొదలు. నా కడుపు నిండిపోయింది.

ఆ మర్నాటి నుంచీ మామగారి నోటికి తాళం లేదు. టీ కొట్లో చెప్పారు, బస్సులో చెప్పారు, ఎమ్మిగనూరులో ఎరువులు తేవడానికి వెళ్లి అక్కడా చెప్పారు. తణుకులో తమ్ముడు వెంకన్నకి ఫోను చేసి అరగంట వాయించారు. "మా మనవరాలు పీత బొరియ చూసి నది జాతకం చెప్పేస్తుందిరా!" లక్ష్మన్న ఈ మాటలు విని మా ఇంటి ముందు నుంచి నడవడం మానేసి చుట్టుదారిన పోవడం మొదలుపెట్టాడు.

రిగ్గు బండి వచ్చిన రోజు క్యాంపంతా మా పొలంలోనే ఉంది. బండివాళ్లు తిరుచెంగోడు నుంచి వచ్చిన తమిళులు. ఊరి పేర్లు తెలియకపోయినా పాయింటు అన్న మాట ఏ భాషలో అన్నా వాళ్లకి తెలుసు. బండి నిలవడానికి చోటు కావాలని జేసీబీ తెచ్చి జాలి కంప పీకించి, దిబ్బలో ఒక పక్క నిలువునా కోయించారు. మామగారు గొడుగు కింద కుర్చీ వేయించుకున్నారు. వచ్చినవాళ్లందరికీ నది కథ మొదటి నుంచీ చెబుతున్నారు. పాయింటు మీద పసుపు కుంకుమ చల్లి నిమ్మకాయ పెట్టాను. ఇంక ఆయన కొబ్బరికాయ కొట్టడమే తరువాయి. కాయ కొట్టాక పాయింటు మార్చరు. అది మా పక్క ఎవరూ దాటని కట్టుబాటు. గంగమ్మకి ఒకచోట మొక్కి ఇంకోచోట తవ్వితే ఆవిడ ముఖం తిప్పుకుంటుందని భయం.

హారతి పళ్లెం పట్టుకుని చుట్టూ చూస్తే బిందు లేదు. కొత్తగా కోసిన దిబ్బ ముందు ఒక్కతే నిలబడి ఉంది. చూస్తుండగానే నడుము దాకా వంగి, జడ నేలకి తగిలేలా తల కిందికి వేలాడేసి, దిబ్బని తలకిందులుగా చూడ్డం మొదలుపెట్టింది.

"పాపకి దేవుడొచ్చినాదేమక్కా?" అంది పక్కింటి పంపమ్మ, చేతులు జోడించబోతూ.

"దేవుడు కాదు, చదువు," అని పరుగెత్తాను.

దగ్గరికి వెళ్లేసరికి బిందు లేచి నిలబడింది.

"ఏమైందే?"

"గిన్నెలన్నీ బోర్లా పడుండాయమ్మా."

చూశాను. నాకూ తెలిసింది. కోసిన గోడలో గడ్డలు ఎక్కడికక్కడ ఇరుక్కుని ఉన్నాయి. ఒకదాంట్లో గిన్నెలు కడిగి బోర్లించినట్టున్నాయి. పక్కదాంట్లో పక్కకి ఒరిగి ఉన్నాయి. ఇంకోచోట పీత బొరియ నోరు కిందికి తెరుచుకుని, గది ఆకాశం వైపు ఉంది. ఏ రెండు గడ్డలూ ఒక మాట మీద లేవు.

"ఏ ఎండ్రకాయా పైకి తవ్వదు. ఏ ఆలిచిప్పా కిందికి పాకదు," అంది బిందు. "ఇది నది పెట్టిన మట్టి కాదమ్మా. ఎవరో తెచ్చి ఈడ పోసినారు. యాడిదో ఏమో. కంప ఉండాదని నేను లోపల చూడలేదు. రాలినవి ఏరుకుని చెప్పేసినా."

నిజం చెప్పొద్దూ, నాకు ముందు గుర్తొచ్చింది నది కాదు. గొడుగు కింద కూర్చున్న మనిషి. ఊరూరా చాటుకున్న పెద్దాయన తల ఇంతమందిలో ఎక్కడ పెట్టుకోవాలి? వెనక వరసలో మీసం దువ్వుకుంటూ లక్ష్మన్న కూడా ఉన్నాడు.

"ఊరుకోవే," అన్నాను చిన్నగా. "ఈడ కూడా నీళ్లు పడొచ్చేమో, ఎవరికి తెలుసు?"

"పడొచ్చు. కానీ నేను చెప్పిన కారణం ఈడ లేదు. ఇది తప్పితే నాన్న టిప్పరు తోలాల. తెలిసీ ఎట్ల ఊరకుండేదమ్మా?"

మా మామగారు అప్పటికే కాయ చేత్తో ఎత్తారు. బిందు జనాన్ని తోసుకుంటూ వెళ్లింది.

"తాతా, కాయ కొట్టొద్దు. ఒక మాట అడగాలి."

"కొట్టాక అడుగు."

"కొట్టకముందే అడగాలి. ఈ దిబ్బ ఎవరు పోశారు?"

ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి ఆయన నవ్వారు. "ఎవరేంటి? నేనే పోయించా! మీ నాన్న పుట్టకముందు. ఆ ఎత్తుచెక్క అప్పట్లో ఏనుగు వీపులా ఉండేది. నీళ్లు ఎక్కేవి కావు. డోజరు పెట్టి నున్నగా గీకించి, ఆ మట్టంతా ఈ మూలకి తోయించా. క్యాంపు మొత్తంలో అంత చదునైన చెక్క ఇంకెవడికీ లేదు, కావాలంటే చూసుకో."

కోస్తా నుంచి వచ్చినవాళ్లు ఈ నేలంతా గీకి, తోసి, చదును చేసే మడులు కట్టారు. ఆ సంగతి మాకందరికీ తెలుసు. తెలిసి కూడా, ఏ గుట్ట దేవుడు పెట్టిందో, ఏ గుట్ట డోజరు పెట్టిందో ఇంట్లో పుట్టిన పిల్లకి ఎవరం చెప్పలేదు. పళ్లెంలా ఉన్న చెక్కని ఎత్తుచెక్క అని ఎందుకంటారో ఇన్నేళ్లలో నేనూ అడగలేదు.

"మరి నాకెందుకు చెప్పలేదు తాతా?"

"నువ్వు అడిగితే కదా! ఇక్కడ గుంట తీసి, అడుగున చూసి చెబుతున్నావనుకున్నా."

బిందు కళ్లు మూసుకుని తెరిచింది. తర్వాత అందరికీ వినబడేలా చెప్పింది. "అయితే నేను చెప్పింది తప్పు. ఈ మూల నది పారిందనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. బండి ఆపండి."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ వెంటనే నవ్వులు గట్టంతా పాకాయి. "చూస్తిరాప్పా!" అని లక్ష్మన్న పక్కవాడి వీపు చరిచాడు. రిగ్గు మేస్త్రి గడియారం చూసుకున్నాడు. మా ఆయన నేల చూస్తూ నిలబడ్డాడు. ఆ నవ్విన ప్రతివాడి ముఖం మీదా హారతి పళ్లెం విసరాలనిపించింది నాకు.

మామగారు కాయ దించారు. బిందుని అడిగారు. అవును, అడిగారు.

"మరి ఆ గిన్నెలు? ఆ పీత ఇల్లు? అవన్నీ అబద్ధమేనా అమ్మా?"

"అబద్ధం కాదు తాతా. నది నిజమే, చోటే తప్పు. ఈ మట్టి ఎత్తుచెక్కదైతే నదీ ఎత్తుచెక్కదే. కానీ ఈసారి చూడకుండా చెప్పను. ఆ చెక్క పక్కన మనిషి చెయ్యి పడని నేల ఎక్కడన్నా కోసుకుపోయి కనబడుతుందా?"

"వంక గట్టు ఉంది. నేను ముట్టుకోలేదు."

"ముట్టుకోలేదని గట్టిగా తెలుసా?"

"నన్నే అడుగుతావా..." అని మొదలుపెట్టి, ఆగి, పైకి చూసి ఆలోచించారు. "లేదు. అటు డోజరు దిగదు. ముట్టుకోలేదు."

అందరం వంక దగ్గరికి నడిచాం. బిందు గట్టు దిగి, నా అట్లకాడతో తడిమట్టి గీకింది. పైన చీమల దారులున్న మట్టి తేలింది. దాని కింద పీత బొరియలు. ఇంకా కింద గట్టిపడిన ఇసుక, అందులో గిన్నెలో గిన్నె. అన్నీ వెల్లకిలా, నోళ్లు ఆకాశానికి తెరుచుకుని ఉన్నాయి. అటూ ఇటూ జరిగి ఇంకో నాలుగుచోట్ల గీకింది. ఒక్కటీ బోర్లా లేదు.

మామగారు చెప్పులు విడిచి, మా ఆయన భుజం పట్టుకుని తనూ దిగారు. పీత బొరియలో పైనుంచి చిటికెన వేలు పెట్టారు. "నోరు పైనే ఉంది," అన్నారు నెమ్మదిగా. "అయితే అమ్మా, నది అడుగునుండాలి కదా, ఏనుగు వీపులా పైకెందుకు లేచింది?"

రెండో ప్రశ్న. నేను లెక్కపెడుతూనే ఉన్నాను.

"సున్నం పట్టి నది ఇసుక పైపైన గట్టిపడింది తాతా. చుట్టూ ఉన్న మెత్తమట్టి వానలకి కొట్టుకుపోయింది. ఇది ఎత్తుగా మిగిలింది. దీని కింద ఇంకా వదులు ఇసుక ఉంటే నీళ్లు పట్టి ఉంటాయి. ఉంటే అంటున్నా, ఉంటుందని కాదు."

"నేను ముందే చెప్తి గదప్పా ఎత్తుచెక్క అని!" లక్ష్మన్న గట్టు మీంచి అరిచాడు. "నా కాయ సుమ్నే ఊరికే నిలబడుతుందా?"

అందరూ బిందు వైపు చూశారు. "చెప్పినావు మామా. చెక్క నువ్వు చెప్పిందే," అని ఒప్పుకుంది. ఆ మాట ఎంత చేదుగా ఉంటుందో తల్లిని, నాకు తెలుసు.

వంక పక్కనే, ఎత్తుచెక్క అంచున, పసుపు కుంకుమ మళ్లీ చల్లాను. మామగారు కాయ కొట్టారు. అది రెండు చెక్కలుగా సమంగా పగిలింది. బండి మోత మొదలయింది. ముందు తెల్లటి దుమ్ము లేచింది. క్యాంపు మొత్తం పిండిమరలో పనిచేసినవాళ్లలా తయారయ్యాం. తర్వాత పచ్చటి ఇసుక వచ్చింది. బిందు పరుగున పోయి పిడికిట నలిపి చూసింది. తడి. ఇంకాసేపటికి బురద చిమ్మింది, ఆ వెనకే నీళ్లు. చెట్టెత్తున ఎగిరిపడలేదు. మణికట్టంత ధారగా, తెరిపి లేకుండా వచ్చాయి. రెండో పంట మొత్తానికి చాలకపోయినా సగానికి సరిపోతాయి. మా ఆయన ఆ నీళ్లతో ముఖం కడుక్కుని చాలాసేపు తుడుచుకోలేదు. కూరెకుప్ప మాట మళ్లీ ఎత్తలేదు.

గెలుపు ఎవరిదంటే, ఊరి లెక్క ప్రకారం కొబ్బరికాయది. లక్ష్మన్నకి ఆ వారంలోనే ఎమ్మిగనూరు నుంచి ఇద్దరు రైతులు కబురు పెట్టారు. మీసానికి నూనె రాసుకుని మా ఇంటి ముందు నుంచే నడుస్తున్నాడు. బిందు వాకిట్లో ఎదురుపడితే, "నీ ఎండ్రకాయలు బాగుండాయా పాపా?" అని పలకరిస్తున్నాడు. అది నవ్వేస్తోంది. నాకే ఒళ్లు మండుతోంది.

అసలు బెంగ మామగారి గురించి. ఇంటికొచ్చాక ఆయన ఈ విషయం ఎత్తలేదు. పొద్దున్నే మట్టి ముద్ద పట్టుకుని గట్ల మీదకి వెళ్లడం, రావడం, తినడం. తాత మొహం చూడలేక బిందు కంచం పట్టుకుని వంటింట్లోకి వచ్చేస్తోంది. "పరువు తీసినానమ్మా," అంది ఒకసారి. కాదని చెప్పడానికి నా దగ్గర కూడా ఆధారం లేదు.

ఆదివారం పూట పిండి జల్లించాలని, ఇంక లాభం లేదని, నా జల్లెడ కోసం వరండాలోకి బయల్దేరాను. గుమ్మం దగ్గరే ఆగిపోయాను. మామగారు వరండా అరుగు మీద కూర్చుని ఫోనులో మాట్లాడుతున్నారు. ఆయన ఫోను మాట్లాడితే వీధి చివరికి వినబడుతుంది. అవతల తణుకు వెంకన్న.

"నీళ్లు పడ్డాయిరా. ఆ సంగతి సరే, అసలు సంగతి విను. మా బిందు తప్పు చెప్పింది... అవునురా, తప్పే చెప్పింది! కాయ కొట్టబోతున్నా, ఊరంతా చూస్తోంది, రిగ్గు బండి ఎదురుగా ఉంది. అప్పుడొచ్చి, తాతా, నేను చెప్పింది తప్పు అంది. ఎవరూ పట్టుకోలేదురా, తనే పట్టుకుంది, తనే చెప్పింది... ఏంటి నవ్వుతావ్? మన నాన్న అన్నాడా ఆ మాట ఎప్పుడన్నా? నువ్వన్నావా? ఇన్నేళ్లలో నేను ఒక్కసారన్నా అన్నానా?"

అవతలివైపు వెంకన్న ఏమన్నాడో వినబడలేదు. వరండా రెండో చివర, గడ్డల మధ్య, ఇటు వీపు పెట్టుకుని బిందు కూర్చుంది. చేతిలో నా జల్లెడ ఉంది. జల్లించడం లేదు. మోచేత్తో కళ్లు తుడుచుకుంటోంది, తుడిచిన చోటల్లా మట్టి అంటుతోంది.

మామగారు ఫోను పెట్టేసి అటు తిరిగారు. "అమ్మా బిందూ, తూర్పు గట్టున కొత్త బొరియ పడింది. పూడ్చేముందు నీకేమన్నా చూసుకోవాలా?"

"దానికింకా వయసు రాలేదు తాతా, పూడ్చేయండి," అంది బిందు, తల తిప్పకుండానే.

జల్లెడ అడక్కుండా వెనక్కి వచ్చేశాను. సంతలో ఇంకోటి కొనుక్కుంటాను.